గురువారం టీమ్ వచ్చింది, ఇక వాదన మొదలు: ఫుటీ సెలక్షన్, గాయాల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మెల్‌బోర్న్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లకి మొదటి చలికాలంలోనే ఒక సంగతి తెలిసిపోతుంది. ఆఫీసులో గురువారం సాయంత్రం నుంచి ఎవరూ పని గురించి మాట్లాడరు. "వాడి హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) ఎలా ఉంది?", "వీణ్ణెందుకు తీసేశారు?" అంటూ తెలియని పేర్ల మీద గంటల తరబడి వాదించుకుంటారు. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, ఇక్కడి మాటలో ఫుటీ, నాకు అలవాటయ్యాక స్నేహితులు పదే పదే అడిగిన ప్రశ్నలివి. జవాబులు సిడ్నీ స్వాన్స్ అనే క్లబ్బు అభిమాని ఇస్తున్నవి. ఆ పక్షపాతం అక్కడక్కడా కనిపిస్తుంది, దాచను.

టీమ్ ఎప్పుడు ప్రకటిస్తారు? ఒక్కో మ్యాచ్‌కి ఒక్కోలా ఎందుకుంటుంది?

శుక్ర, శనివారాల మ్యాచ్‌లకి గురువారం సాయంత్రం ఆరు దాటాక టీమ్‌లు వస్తాయి. గురువారం రాత్రే మ్యాచ్ ఉంటే బుధవారం చెప్పేస్తారు. ఆదివారం మ్యాచ్‌కి గురువారం ఒక పెద్ద లిస్టు ఇచ్చి, మర్నాడు అందులోంచి కొందరిని తీసేస్తారు. అందుకే ఆదివారం ఆడే టీమ్ అభిమానులకి ఒక రాత్రి టెన్షన్ ఎక్కువ.

గ్రౌండ్‌లో ఒక్కో వైపు 18 మంది. 2025 వరకు వంతులవారీగా దిగడానికి బెంచ్ మీద నలుగురు, వాళ్లు కాక ఒకడి బదులు దిగితే ఇక ఆ ఒకణ్ణి వెనక్కి రానివ్వని సబ్ ఒకడు ఉండేవాడు. 2026 నుంచి సబ్ అన్న మాటే తీసేసి బెంచ్ మీద అయిదుగురిని పెట్టారు. ఎలా చూసినా 23 మందే. వీళ్లు కాక ఎమర్జెన్సీలని కొన్ని పేర్లుంటాయి. మ్యాచ్‌కి ముందు ఎవరికైనా తేడా చేస్తే వాళ్లలో ఒకణ్ణి లాగుతారు. దాన్నే లేట్ చేంజ్ అంటారు.

గాయాల లిస్టులో రాసేదాన్ని ఎంతవరకు నమ్మాలి?

వారం మొదట్లో ప్రతి క్లబ్బూ గాయాల లిస్టు ఇస్తుంది. పేరు, ఏ భాగం, ఎన్ని వారాలు. "సీజన్" అని ఉంటే ఈ ఏడాదికి అయిపోయినట్టే. "ఆరు నుంచి ఎనిమిది వారాలు" అని ఉంటే ఎనిమిదే అనుకోండి. "టెస్ట్" అని ఉంటే ట్రైనింగ్‌లో పరిగెత్తించి చూస్తారని. అసలు మజా "మ్యానేజ్డ్" అన్న మాటలో ఉంది. కొన్నిసార్లు అది నిజంగా విశ్రాంతి. కొన్నిసార్లు ఆటగాడి ఒంట్లో ఏదో సరిగ్గా లేదు, అదేంటో ఎదుటి టీమ్‌కి చెప్పడం క్లబ్బుకి ఇష్టం లేదు.

లోపలి సమాచారం బయటికి పొక్కకూడదని ఆటగాళ్ల మీద, సిబ్బంది మీద గట్టి నిబంధనలున్నాయి. ఇక్కడ పందేలు చట్టబద్ధం కాబట్టి ఫలానావాడు ఆడట్లేదన్న వార్త ముందే తెలిస్తే దానికి రేటుంటుంది. కాబట్టి "మా బావమరిది ట్రైనింగ్ చూశాడట, కుంటుతున్నాడట" అన్న కబుర్లకి ఇవ్వాల్సినంత విలువే ఇవ్వండి.

హ్యామ్‌స్ట్రింగ్ అంటే అంత భయం దేనికి? తొడ పట్టేసినంత మాత్రాన వారాల తరబడి కూర్చోవాలా?

నాకూ ఈ సందేహం ఉండేది. ఒక ఆదివారం మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో మనవాళ్లతో టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడుతూ రెండో పరుగుకి తిరిగాను. తొడ వెనక ఎవరో రాయి పెట్టి కొట్టినట్టయింది. నిజంగానే వెనక్కి తిరిగి చూశాను, ఎవడు విసిరాడా అని. ఎవడూ లేడు. వారం కుంటాను. పదో రోజుకి నొప్పి పూర్తిగా పోయింది, మెట్లు కూడా బాగానే ఎక్కుతున్నాను. ఆ ఉదయం టార్నీట్ స్టేషన్‌లో ట్రైన్ తలుపులు మూసుకుంటున్నాయని ఇరవై అడుగులు పరిగెత్తాను. అదే చోట, అదే రాయి. ఈసారి ఆరు వారాలు.

హ్యామ్‌స్ట్రింగ్‌తో చిక్కు అక్కడే ఉంది. నొప్పి పోవడం వేరు, కండరం అతుక్కోవడం వేరు. నడిచేటప్పుడు, జాగింగ్‌లో ఏమీ తెలియదు. పూర్తి వేగం అందుకున్నప్పుడే బయటపడుతుంది. మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో 12 నుంచి 15 కిలోమీటర్లు పరిగెడతాడు. అందులో స్ప్రింట్‌లుంటాయి, వంగి నేల మీది బంతి అందుకోవడాలుంటాయి, ఆ వంగిన భంగిమలోనే వెనకనుంచి టాకిల్ పడుతుంది. పిక్క కండరం కథా ఇంతే. గజ్జల్లో పట్టేస్తే ఇంకా మోసం, ఎందుకంటే బంతి తన్నే కాలు అక్కడినుంచే కదలాలి.

ఏసీఎల్ అనగానే అందరూ మౌనం పాటిస్తారేంటి?

మోకాలి లోపలి ఆ లిగమెంట్ తెగితే మామూలుగా తొమ్మిది నుంచి పన్నెండు నెలలు. అంటే ఒక్కోసారి రెండు సీజన్లకి దెబ్బ. ఎవరూ తాకకుండా, ఒట్టి మలుపు దగ్గర కాలు నేలకి అతుక్కుని ఒళ్లు మాత్రం తిరిగితే చాలు, తెగిపోతుంది. అందుకే అది చూసినప్పుడు స్టేడియంలో అరుపు రాదు, ఒక నిట్టూర్పు వస్తుంది.

ఇక్కడ బాబ్ మర్ఫీ గురించి చెప్పుకోవాలి. వెస్టర్న్ బుల్‌డాగ్స్ కెప్టెన్. 2016లో మూడో రౌండ్‌కే మోకాలు పోయింది. ఆ ఏడాదే ఆ క్లబ్బు 1954 తర్వాత మొదటిసారి ప్రీమియర్‌షిప్, అంటే లీగ్ టైటిల్, గెలిచింది. కోచ్ ల్యూక్ బెవరిడ్జ్ వేదిక మీద తన మెడల్ తీసి, కిందున్న మర్ఫీని పైకి పిలిచి అతని మెడలో వేశాడు. మర్ఫీ 312 మ్యాచ్‌లాడి మరుసటి ఏడాది రిటైరయ్యాడు, టైటిల్ తేల్చే గ్రాండ్ ఫైనల్ ఒక్కటీ ఆడకుండానే. ఆ క్లబ్బు సొంత పేట ఫుట్‌స్క్రే వైపు వెళ్లినప్పుడు ఎవరైనా పెద్దవాళ్ల దగ్గర ఈ మాట ఎత్తి చూడండి, అరగంట దాకా కదలనివ్వరు.

మోకాళ్ల కోసం రూల్సే మారిన సందర్భముంది. సెంటర్ సర్కిల్ చుట్టూ ఇంకో పెద్ద వృత్తం కనిపిస్తుందే, అది 2005లో వచ్చింది. రక్‌మన్‌లు, అంటే గాల్లోకి లేచిన బంతి కోసం ఎగిరే పొడుగు ఆటగాళ్లు, దూరం నుంచి పరిగెత్తుకొచ్చి గాల్లో మోకాలికి మోకాలు కొట్టుకుని లిగమెంట్లు పోగొట్టుకుంటున్నారని, ఆ పరుగుని కుదించడానికి గీశారు.

కాస్త నొప్పితో ఆడితే ఏం? మన విహారి ఆడలేదా?

ఈ ప్రశ్న మనవాళ్లు మాత్రమే అడుగుతారు, అడగాలి కూడా. 2021 జనవరిలో హనుమ విహారి హ్యామ్‌స్ట్రింగ్ తెగిన కాలితో 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలబడి, అశ్విన్‌తో కలిసి టెస్టుని డ్రా చేశాడు. అది జరిగింది సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో. చలికాలంలో స్వాన్స్ ఆడేది ఆ గడ్డి మీదే. ఆ ఇన్నింగ్స్ నేను నిద్ర మానుకుని మరీ చూడక్కర్లేకపోయింది, ఇక్కడ పగలే కదా. ఆఫీసులో ఒక కన్ను స్క్రీన్ మీద, ఒక కన్ను మేనేజర్ మీద.

కానీ ఒకటి గమనించండి. విహారి చేయాల్సింది నిలబడటం, అడ్డుకోవడం. పరుగు తీయకపోయినా ఆ రోజు తప్పులేదు, తీయకపోవడమే పని. ఫుటీలో అలా నిలబడే చోటు లేదు. ఎంసీజీ బౌండరీ నుంచి బౌండరీ దాకా అంతా మీదే. కాలు లాగుతున్న ఫార్వర్డ్ మీద పడి కొట్టరు, అతన్ని మార్క్ చేస్తున్న డిఫెండర్ అతన్ని వదిలేసి హాయిగా బంతి వైపు పరిగెడతాడు. ఒకడికి గాయమైతే ఎదుటివాళ్లకి ఒకడు ఎక్కువైనట్టు.

పాత రోజుల్లో కథలు వేరు, కాదనను. 1989 గ్రాండ్ ఫైనల్ మొదలైన క్షణంలోనే జీలాంగ్ ఆటగాడు మార్క్ యేట్స్ గుద్దితే హాథార్న్ ఆటగాడు డెర్మట్ బ్రెరటన్ పక్కటెముకలు విరిగాయి. వాంతి చేసుకుని మళ్లీ ఆడి మూడు గోల్స్ కొట్టాడు. అదే మ్యాచ్‌లో అతని సహచరుడు రాబర్ట్ డిపియర్‌డొమెనికోకి ఊపిరితిత్తికి చిల్లుపడింది. హాథార్న్ ఆరు పాయింట్లతో, అంటే ఒక్క గోల్ విలువ తేడాతో గెలిచింది. 2003లో బ్రిస్బేన్ ఆటగాడు నైజెల్ లాపిన్ విరిగిన పక్కటెముకలతో ఫైనల్ ఆడాడు, వాళ్లు 50 పాయింట్లతో గెలిచారు. ఈ కథలు చెప్పేవాళ్లు ఒకటి మర్చిపోతారు: పక్కటెముకల నొప్పిని ఓర్చుకోవచ్చు, ఇంజెక్షన్‌తో కొంత అణచొచ్చు. తెగిన కండరాన్ని ఓర్పుతో పరిగెత్తించలేం. ఏ గాయంతో ఆడాడన్నది ముఖ్యం, గాయంతో ఆడాడా లేదా అన్నది కాదు.

గ్రాండ్ ఫైనల్‌కి ముందు "రిస్క్ తీసుకుందాం" అన్నప్పుడు నిజంగా దేన్ని పణంగా పెడుతున్నారు?

ఈ ఒక్క ప్రశ్నకి జవాబు కోసమే మిగతావన్నీ రాశానేమో.

2022 గ్రాండ్ ఫైనల్. జీలాంగ్, సిడ్నీ స్వాన్స్. దానికి ముందు వారం, సెమీఫైనల్లాంటి ప్రిలిమినరీ ఫైనల్స్‌లో రెండు టీమ్‌లకీ ఒక్కో గాయం. జీలాంగ్‌లో కుర్రాడు మ్యాక్స్ హోమ్స్‌కి హ్యామ్‌స్ట్రింగ్. మాకు శామ్ రీడ్‌కి గజ్జల్లో. వారమంతా రెండు ఊళ్లలోనూ ఒకటే చర్చ. హోమ్స్ బాగా పరిగెడుతున్నాడని వార్తలు. ఆ వయసులో గ్రాండ్ ఫైనల్ మళ్లీ వస్తుందో రాదో ఎవరికి తెలుసు, వాణ్ణెలా పక్కన పెడతారని సొంత అభిమానులే బాధపడ్డారు. కోచ్ క్రిస్ స్కాట్ పక్కన పెట్టాడు. మావాళ్లు రీడ్‌ని ఆడించారు.

నా పక్కింటి పెద్దాయన సౌత్ మెల్‌బోర్న్ కాలం నాటి అభిమాని. 1982లో క్లబ్బు సిడ్నీకి తరలిపోయినా ఎర్ర తెల్ల స్కార్ఫ్ వదల్లేదు. నన్ను స్వాన్స్‌లోకి లాగింది ఆయనే. ఆ రోజు వాళ్లింట్లో టీవీ ముందు కూర్చున్నాం. మొదటి క్వార్టర్‌లో జీలాంగ్ ఆరు గోల్స్ కొట్టింది. రీడ్ ఎటు కదిలినా పెద్దాయన అతని కాలే చూస్తున్నాడు, బంతి చూడట్లేదు. మూడో క్వార్టర్‌లో రీడ్‌ని తీసి సబ్‌ని దింపాల్సి వచ్చింది. ఆయన టీ కప్పు బల్ల మీద పెట్టి లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. 81 పాయింట్లతో ఓడాం.

రీడ్ వల్ల ఓడామని ఎవడూ అనలేడు. 81 పాయింట్లు ఒక్కడి లెక్క కాదు. నేను చెప్పేది వేరు. గాయమున్నవాణ్ణి ఎంచుకుంటే పోయేది అతని ఆట ఒక్కటే కాదు. సబ్ ఉన్న రోజుల్లో అతన్ని ఎప్పుడు దించాలన్న నిర్ణయం ఆ కండరం చేతిలోకి పోయేది. బెంచ్ మీది వాళ్లకి దొరికే విశ్రాంతి తగ్గుతుంది. బెంచ్‌కీ మైదానానికీ మధ్య ఆటగాళ్లని మార్చడానికి మ్యాచ్ మొత్తానికి 75 సార్లే అనుమతి కాబట్టి ఆ లెక్కంతా చెదురుతుంది. పైగా కోచ్, తోటి ఆటగాళ్లు, మాలాంటివాళ్లు, అందరి దృష్టిలో ఒక భాగం ఆ కాలి దగ్గరే ఉంటుంది.

ఇదంతా తెలిశాక మళ్లీ చేస్తారా? 2024లో చేశాం. ఫైనల్ బ్రిస్బేన్‌తో. కెప్టెన్ కాలమ్ మిల్స్‌ని హ్యామ్‌స్ట్రింగ్ వల్ల తప్పించారు, అది సరైన నిర్ణయమే. చీలమండ దెబ్బతిన్న లోగన్ మెక్‌డొనాల్డ్‌ని మాత్రం ఆడించారు. అతన్నీ మధ్యలో మార్చాల్సి వచ్చింది. బ్రిస్బేన్ 120, మేము 60. అవతల బ్రిస్బేన్ భుజం జారిన ఆస్కర్ మెకినర్నీని తీసేసి డార్సీ ఫోర్ట్‌ని ఆడించి గెలిచింది. రెండేళ్ల తేడాతో రెండు ఫైనల్స్‌లోనూ గాయపడ్డవాణ్ణి వదులుకున్న టీమే కప్పు ఎత్తింది.

అయితే గాయమున్నవాణ్ణి ఎప్పుడూ ఆడించకూడదా?

అలా అంటే 2025 నన్ను అబద్ధాలకోరుని చేస్తుంది. బ్రిస్బేన్ ఆటగాడు లాకీ నీల్, సీజన్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ (Brownlow) రెండుసార్లు గెలిచిన మిడ్‌ఫీల్డర్. ఫైనల్స్ మొదటి వారం జరిగే క్వాలిఫయింగ్ ఫైనల్‌లో జీలాంగ్ మీద పిక్క పట్టేసింది. ఇక ఈ ఏడాది లేడనే అందరూ అనుకున్నారు. గ్రాండ్ ఫైనల్‌కి అదే జీలాంగ్ మీద సబ్‌గా కూర్చోబెట్టారు. హాఫ్ టైమ్‌కి దింపారు, రెండో సగంలో గోల్ కూడా కొట్టాడు, బ్రిస్బేన్ 47 పాయింట్లతో గెలిచింది.

దీన్నీ ధైర్యం ఖాతాలోనే వేశారు జనం. నాకైతే అది చాలా పొదుపైన పందెంలా కనిపించింది. పిక్క నాలుగు క్వార్టర్లు మోయలేదని ఒప్పుకుని, రెండింటికే లెక్క వేసుకున్నారు. ఒకవేళ మొదటి క్వార్టర్‌లోనే ఇంకెవరైనా పడిపోయి ఉంటే నీల్ ముందే దిగాల్సి వచ్చేది, అదొక్కటే వాళ్లు తీసుకున్న రిస్క్. సబ్ ఉన్న చివరి గ్రాండ్ ఫైనల్ అదే. 2026 నుంచి ఆ సీటే లేదు కాబట్టి ఆ ఎత్తు మళ్లీ వేయడం కుదరదు. మన ఐపీఎల్‌లో ఇంపాక్ట్ ప్లేయర్ వచ్చింది 2023లోనే, ఇక్కడ సబ్‌ని గాయం లేకున్నా ఎప్పుడైనా దించొచ్చని మార్చిందీ 2023లోనే. అక్కడి గొడవ ఇంకా నడుస్తోంది, ఇక్కడ ఎత్తేశారు.

తలకి దెబ్బ తగిలితే మాత్రం చర్చే ఉండదెందుకు?

ఉండకూడదని రూలే ఉంది కాబట్టి. కంకషన్ అని డాక్టర్ తేల్చాక కనీసం 12 రోజులు ఆడకూడదు. 2021 నుంచి ఇదే లెక్క. ప్రిలిమినరీ ఫైనల్‌కీ గ్రాండ్ ఫైనల్‌కీ మధ్య ఎనిమిది రోజులకి మించి ఉండవు. కాబట్టి ప్రిలిమ్‌లో కంకషన్ అయితే ఫైనల్ పోయినట్టే, ఎవరి కొడుకైనా సరే. 2025లో జీలాంగ్ డిఫెండర్ టామ్ స్టువర్ట్‌కి అదే జరిగింది.

దీని వెనక చాలా విషాదముంది. గ్రహమ్ ఫార్మర్, అందరూ పాలీ అని పిలిచే మహా రక్‌మన్, 2019లో చనిపోయాక మెదడు పరీక్షిస్తే తలకి పదే పదే తగిలిన దెబ్బల వల్ల వచ్చే సీటీఈ జబ్బు బయటపడింది. ఈ ఆటలో అలా తేలిన మొదటివాడు ఆయనే. 2023 ఫైనల్స్‌లో కాలింగ్‌వుడ్ ఆటగాడు బ్రేడెన్ మేనార్డ్ కిక్‌ని అడ్డుకోబోయి గాల్లోంచి వచ్చి మెల్‌బోర్న్ ఆటగాడు ఆంగస్ బ్రేషాకి తగిలాడు. ఆటగాళ్ల తప్పులకి శిక్ష తేల్చే ట్రిబ్యునల్ మేనార్డ్‌ని వదిలేసింది, ఆ నెలలోనే అతను ప్రీమియర్‌షిప్ గెలిచాడు. బ్రేషా మళ్లీ ఆడలేదు. 2024 ఫిబ్రవరిలో, 28 ఏళ్ల వయసులో, డాక్టర్ల మాట మీద రిటైరయ్యాడు. ఇప్పటికీ ఆ ట్రిబ్యునల్ తీర్పు గురించి ఎవరి వైపు మాట్లాడినా ఆఫీసులో స్నేహాలు చెడతాయి. నేను మాట్లాడను.

గాయపడ్డవాడి స్థానంలో వచ్చినవాడు అంతగా ఆడగలడా?

ఆడిన రోజులున్నాయి. 2019లో రిచ్‌మండ్‌కి జాక్ గ్రాహమ్ భుజం దెబ్బతో దూరమయ్యాడు. అతని చోటుకి మార్లియన్ పికెట్‌ని పిలిచారు. 27 ఏళ్లు, సీజన్ మధ్యలో జరిగే ఆటగాళ్ల ఎంపికలో (డ్రాఫ్ట్) క్లబ్బులోకి వచ్చాడు, పెద్ద లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. వారం ముందు రిజర్వ్స్ ఫైనల్లో బెస్ట్ ప్లేయర్ అతనే. గ్రాండ్ ఫైనల్‌తో ఆట మొదలుపెట్టడం 1952 తర్వాత అదే మొదటిసారి. గోల్ కొట్టాడు, మైదానం మధ్యలో గిర్రున తిరిగి డిఫెండర్‌ని వదిలించుకున్న క్షణం ఇప్పటికీ తిప్పి తిప్పి చూపిస్తారు. రిచ్‌మండ్ 89 పాయింట్లతో గెలిచింది.

ప్రతి వారం ఎవరు గెలుస్తారో ఊహించే ఆఫీసు పోటీ, టిప్పింగ్‌లో గెలవాలంటే గాయాల్లో ఏది ముఖ్యంగా చూడాలి?

స్టార్ పేరు కన్నా ఒకే చోట ఎన్ని ఖాళీలున్నాయో చూడండి. ఒక మంచి మిడ్‌ఫీల్డర్ లేకపోతే ఇంకొకడు సర్దుకుంటాడు. ఇద్దరు పొడుగు డిఫెండర్లు ఒకేసారి లేకపోతే సర్దుకునేవాడుండడు. తర్వాత చూడాల్సింది గ్యాప్. పెర్త్ వెళ్లొచ్చి అయిదు రోజుల్లో మళ్లీ ఆడే టీమ్‌లో "టెస్ట్" అన్న పేర్లు నాలుగుంటే అవతలి టీమ్‌ని టిక్ చేయండి. చివరగా, లేట్ చేంజ్ చూడకుండా సబ్మిట్ నొక్కకండి. ఇది చెప్పి కూడా నేను మొన్నటి సీజన్‌లో ఆఫీసులో కింద నుంచి మూడో స్థానంలో ఉన్నాను.

2024 ఫైనల్లో మెక్‌డొనాల్డ్‌ని ఆడించమని మీరన్నారా, వద్దన్నారా?

ఆడించమన్నాను. రీడ్ సంగతంతా కళ్లారా చూసి కూడా. గురువారం రాత్రి కంచె దగ్గర పెద్దాయనతో అరగంట వాదించాను. కుర్రాడు, ఎత్తుంది, చీలమండే కదా, కట్టు కట్టి దింపొచ్చన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, "నువ్వు వాడి మీద జాలి పడుతున్నావు, టీమ్ ఎంచట్లేదు" అన్నాడు. ఓడినవాళ్లు అవతలివాళ్లకి తినడానికి ఏదైనా పెట్టాలని పందెం. ఫైనల్ మర్నాడు, ఆదివారం, మా అమ్మ పంపిన జంతికల డబ్బా పట్టుకుని వాళ్ల తలుపు కొట్టాను. తీసుకున్నాడు. అప్పటినుంచి ప్రతి గురువారం టీమ్ రాగానే కంచె మీదనుంచి ఖాళీ డబ్బా చూపిస్తాడు.